దొరల సమాధులు, పక్కన పాత సత్రం: బాగు చేయడానికి గ్రాంటు ఎవరిస్తారు?

మొగిలిఘాట్:
అందరికీ నమస్తే. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఊరి చివర పాత సమాధులు ముప్పై దాకా ఉన్నాయి, మా తాత కాలం నుంచీ దొరల (తెల్లవాళ్ళ) సమాధులు అనే అంటాం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకి చిత్తూరే కేంద్రం కదా, అప్పటివి. పక్కనే రాతి స్తంభాల సత్రం ఒకటి, కప్పు మీద రావిచెట్టు మొలిచి గోడ రెండుగా చీలింది. మేం పదిమందిమి ఆదివారాలు పోయి ముళ్ళకంప కొట్టేశాం, ఇక మా చేతుల్లో లేదు, డబ్బు కావాలి. ఒక మేస్త్రీ పన్నెండు లక్షలవుతుంది, మొత్తం సిమెంటు పూత పూసి రంగు కూడా వేసిస్తా అన్నాడు. ఒక ఆఫీసుకి పోతే ఇంకోదానికి పొమ్మన్నారు, అక్కడికి పోతే మళ్ళీ మొదటిదానికే. ఆర్కియాలజీ వాళ్ళు తీసుకుంటే బాగుంటుందని నా ఆశ. దారి తెలిసినవాళ్ళు చెప్పండి.

శిస్తు తాత:
బాబూ, డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ స్థలం ఎవరిదో తేల్చు. ఆర్‌ఎస్‌ఆర్‌లో అంటే రెవెన్యూ వాళ్ళ పాత భూముల రిజిస్టరులో, సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందో చూడు. శ్మశానం పోరంబోకా, మిషన్ భూమా, సత్రం పేరు మీదే విడిగా ఉందా? పోరంబోకు అయితే రెవెన్యూ, పంచాయతీ వాళ్ళ మాట కావాలి. మిషన్‌ది అయితే చర్చి వాళ్ళ సంతకం. సత్రం దేవాదాయ శాఖ కిందికి వస్తే ఆ శాఖ అనుమతి లేకుండా రాయి కదిపినా నీ మీదే కేసు. ముప్పై ఏళ్ళు ఆ ఫైళ్ళు మోసినవాణ్ణి, చెప్తే విను.

ఇంకోటి. కేంద్ర ఆర్కియాలజీ వాళ్ళు రక్షిత కట్టడంగా ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్లలో కొత్త ఇల్లు కట్టకూడదు, ఆపైన 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. మీ ఊళ్ళో ఎవరైనా పక్కనే పునాది వేసుకుని ఉంటే నీకు నమస్కారం పెడతాడా, నువ్వే ఆలోచించు.

అలిపిరి అక్క:
టీటీడీ శ్రీవాణి ట్రస్టు డబ్బు అడగొచ్చు కదా?

కపిలతీర్థం ఆడిటర్:
అది గుళ్ళకి అక్కా, సమాధులకి రాదు.

మొగిలిఘాట్ తమ్ముడూ, ఇట్లాంటి సమాధుల కోసమే ఇంగ్లండ్‌లో ఒక సంస్థ ఉంది, బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ సిమెటరీస్ ఇన్ సౌత్ ఏషియా, పొట్టిగా బాక్సా అంటారు, 1976లో పెట్టారు. చిన్న చిన్న మొత్తాలే ఇస్తారు, అదీ తర్వాత చూసుకునే మనుషులు ఊళ్ళో ఉన్నారని నమ్మకం కుదిరితేనే. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ వాళ్ళకి మాత్రం రాయొద్దు, వాళ్ళు రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధులే చూస్తారు, మీవి అంతకంటే పాతవి.

అసలు చిక్కు వేరే ఉంది. విదేశీ డబ్బు నేరుగా మీ ఖాతాలో పడదు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పెట్టి మూడేళ్ళు అయుండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టినట్టు లెక్క చూపాలి. పదిమంది కుర్రాళ్ళకి ఎక్కడిది? రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ తీసుకుని మీకు ఇస్తుందిలే అనుకోకండి, 2020 సవరణ తర్వాత అట్లా చేతులు మార్చడం కుదరదు. ఆ సంస్థే పని చేయించాలి, లేదా మీరు ఆ ఒక్క పనికి ముందస్తు అనుమతి కోసం అప్లై చేయాలి.

ఇక్కడి డబ్బంటే సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే డబ్బు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ అని స్పష్టంగా రాసుంది. దానికి మీ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పనులకి ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. కంపెనీ వాళ్ళు మొదట అడిగేది కూడా తాత చెప్పిన ఆ కాగితమే. హైదరాబాద్‌లో పైగా వంశపు నవాబుల సమాధులకి 2023లో అమెరికా రాయబారుల నిధి నుంచి రెండున్నర లక్షల డాలర్లు వచ్చాయి కదా అని మనకీ వస్తాయనుకోవద్దు, అక్కడ వెనక ఆగాఖాన్ ట్రస్టు అంత సంస్థ నిలబడి ఉంది.

గానుగ సున్నం:
ఆ పన్నెండు లక్షల మేస్త్రీని దయచేసి ఆపు అన్నా!! పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక రాయి పొరలు పొరలుగా రాలిపోతుంది. చంద్రగిరి రాజమహల్ చూశావు కదా, కర్ర లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. ఇసుక, సున్నం గానుగాడించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి చేయాలి. ఆలస్యమవుతుంది, నిజమే. రావిచెట్టుని పట్టి లాగొద్దు, వేరుతో పాటు గోడా వస్తుంది, మొదలు కోసి వేరు చచ్చేదాకా ఆగి అప్పుడు తీయాలి. సమాధుల మీద అక్షరాలకి యాసిడ్ పోసి కడిగేవాళ్ళని చూశాను, కడుపు తరుక్కుపోయింది. ఉత్త నీళ్ళు, మెత్తటి బ్రష్, అంతే. కడిగే ముందే ప్రతి రాతికీ ఏటవాలు ఎండలో ఫొటో తీసి, దాని మీది పేరు, సంవత్సరం రాసిపెట్టు. బాక్సాకైనా కంపెనీకైనా పంపడానికి అదే పనికొస్తుంది, దానికి రూపాయి ఖర్చు లేదు.

మొగిలిఘాట్:
అందరికీ చాలా థాంక్స్. మేస్త్రీకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను, అలిగాడు. ఆర్‌ఎస్‌ఆర్ నకలు తీయించాను తాతా. సమాధులది పోరంబోకే, కానీ సత్రం నంబరు ఎదురుగా 'ధర్మసత్రం' అని ఉంది, కింద ఎవరి పేరో చెరిగిపోయింది. ఇప్పుడు దేవాదాయ శాఖకి పోవాలా, తహశీల్దారు దగ్గరికా? ఫొటోలు ఆదివారం మొదలుపెడుతున్నాం, పొద్దున ఆరున్నరకి ఎండ సరిగ్గా పక్క నుంచి పడుతుంది.

శిస్తు తాత:
రెండు చోట్లా అర్జీ పెట్టు బాబూ, రెండింటికీ రసీదు తీసుకో. ఆ చెరిగిన పేజీ ఫొటో ఇక్కడ పెట్టు, పాత రాత నేను చదవగలను.