ఎస్.కోట – అనంతగిరి ఘాట్ రైడ్: కొత్తవాళ్లు రావచ్చా?

కొత్త_పెడల్:
అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు ఎస్.కోటలో బయల్దేరి బొడ్డవర, టైడా మీదుగా అనంతగిరి ఎక్కుతున్నారని చూశాను. నాది హైబ్రిడ్ సైకిల్. బీచ్ రోడ్డులో భీమిలి వెళ్లి రావడం అలవాటే. కైలాసగిరి ఒక్కసారే ఎక్కాను, మధ్యలో రెండుసార్లు దిగి నడిపించాను. నేను రావచ్చా?

గేర్_మాస్టారు:
వెనక క్యాసెట్‌లో, అంటే చైను తిరిగే పళ్ల చక్రాల గుత్తిలో, పెద్ద చక్రానికి ఎన్ని పళ్లు? ముందు అది చెప్పండి. పెడల్ దగ్గరి చక్రానికి 34 పళ్లు, వెనక 28 ఉంటే నిమిషానికి 60 సార్లు తొక్కినప్పుడు గంటకు 9 కిలోమీటర్లు వెళ్తారు. కొత్తవాళ్లు ఘాట్‌లో 7 దాటడం కష్టం. అప్పుడు పెడల్ 46 సార్లే తిరుగుతుంది, భారమంతా మోకాళ్ల మీదే. వెనక 34 వేయిస్తే అదే వేగానికి 55 సార్లు తిరుగుతుంది.

సింహాచలం_మెట్లు:
పొద్దున 9 గంటలు దాటితే అరకు టూరిస్టు కార్లు మొదలవుతాయి. ఆలోపే పైకి చేరండి.

వెనకబండి:
గేర్ల సంగతి తర్వాత, మాస్టారూ. పోయిన డిసెంబరులో టైడా దాటాక నా వెనక టైరు పంక్చర్ అయింది. మంచు, చలి. వేళ్లు కొంకర్లు పోయి టైరు అంచు రిమ్ములోంచి ఊడి రాలేదు. 40 నిమిషాలు పట్టింది. ఒక్కరూ వెనక్కి రాలేదు. ఫోన్‌కి సిగ్నల్ అందేసరికి గ్రూపులో గాలికొండ వ్యూపాయింట్ ఫొటో వచ్చి ఉంది. అందులో 11 మంది. బయల్దేరింది 12 మందిమి.

ఘాట్_రైడర్:
ఎవరి ట్యూబు, ఎవరి పంపు వాళ్లే తెచ్చుకోవాలని ముందే రాశాం కదా. ఎక్కుడులో ఎవరి ఊపు వాళ్లది. చదును రోడ్డు మీద ముందువాడి వెనక ఉంటే గాలి తగ్గి సాయమవుతుంది, ఎక్కుడులో ఆ వేగానికి అదేమీ ఉండదు. ప్రతి మలుపులో ఆగితే చెమట చల్లారి కాళ్లు పట్టేస్తాయి.

గేర్_మాస్టారు:
క్యాసెట్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వెనకబండి:
ట్యూబు, పంపు నా దగ్గరే ఉన్నాయి అన్నా, నేనే మార్చుకున్నాను. నేనడిగేది అది కాదు. మనిషి తగ్గాడని మీలో ఒక్కరికీ తెలియలేదు. అలాంటప్పుడు గ్రూప్ రైడ్ అని పేరెందుకు? ఎవరికి వాళ్లు వెళ్లండి.

ఘాట్_రైడర్:
ఏడాదిగా ఇదే మాట. సరే, ఇవాళ చెప్పేస్తాను. మూడేళ్ల కిందట ఒక తమ్ముణ్ణి నేనే వెంట తీసుకెళ్లాను. ఎక్కేటప్పుడు ప్రతి మలుపులో ఆగాను. దిగేటప్పుడు భయంతో బ్రేకు వదలకుండా పట్టుకునే ఉన్నాడు. రిమ్ము వేడెక్కి ముందు ట్యూబు పేలింది. మెడ కింద ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చూసుకుంటానన్నావు కదా బాబూ" అన్నారు. అప్పట్నుంచి ఎవరికీ ఆ మాట ఇవ్వడం లేదు. కొత్తవాళ్లు వస్తామంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.

వెనకబండి:
అన్నా, ఈ సంగతి నాకు తెలీదు. తెలిస్తే ఇంత గట్టిగా అనేవాణ్ణి కాదు. కానీ నన్ను చూసుకోమని నేనెప్పుడూ అనలేదు. తలలు లెక్కపెట్టమంటున్నాను. ఒకరి బాధ్యత నెత్తిన వేసుకోవడం వేరు, వాళ్లు వచ్చారో లేదో చూడటం వేరు.

సింహాచలం_మెట్లు:
బ్రేకులు గట్టిగా నొక్కి వేగం తగ్గించాలి, వదలాలి. మళ్లీ నొక్కాలి. ఘాట్‌కి తీసుకెళ్లేముందు ఇది నేర్పాలి. కైలాసగిరి మీద ఒక పూట చాలు.

కొత్త_పెడల్:
నాది ముందు చిన్న చక్రం 28, వెనక పెద్దది 32. ట్యూబు మార్చడం వచ్చు. దిగడమంటేనే నాకు భయం, మొదటే చెప్పాల్సింది. టైడా దగ్గర లెక్క ఎవరు చూస్తారు?

గేర్_మాస్టారు:
28కి 32 అయితే నిక్షేపంగా ఎక్కుతారు.

ఘాట్_రైడర్:
టైడాలో టీ కొట్టు దగ్గర నేనుంటాను. చివరి మనిషి వచ్చాకే కదులుతాను. తిరుగు దారిలో మాత్రం కొత్తవాళ్లు వ్యాన్‌లోనే దిగాలి. దానికి ఒప్పుకుంటేనే రా తమ్ముడూ.

వెనకబండి:
అలాగైతే నేనూ వస్తాను. ఆ వ్యాన్ డబ్బులు కొత్తవాళ్ల మీదే పడకూడదు, తలా ఇంత వేసుకుందాం.

సింహాచలం_మెట్లు:
సైకిల్ మీద దిగేవాళ్లం వ్యాన్‌కి ఎందుకు ఇవ్వాలి?