మే నెలలో శ్రీలంక బీచ్: మిరిస్సా సరైనదేనా, ఇంకో వైపు వెళ్లాలా?

తెనాలి_టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరం దేశం దాటలేదు. పాస్‌పోర్టులు ఈమధ్యే చేతికొచ్చాయి. వేసవి సెలవుల్లో, మే మధ్యలో, శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, నాలుగో తరగతి చదివే బాబు, మా అత్తయ్యగారు వస్తాం. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. బాబుకి ఒకటే కోరిక, సముద్రంలో దిగి రోజంతా ఆడాలని. మాకు దగ్గరి సముద్రం బాపట్ల సూర్యలంక. అక్కడ వాణ్ణి మోకాలి లోతు దాటనివ్వను, ఉన్నంతసేపూ నాకు టెన్షనే.

వీడియోలు చూసి మిరిస్సా అనుకున్నాం. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్లాన్ ఇదీ: నెగొంబో, క్యాండీ, నువర ఎలియ, ఎల్లా, మిరిస్సా, బెంతోట, కొలంబో. అన్నీ కలిపి ఆరు రాత్రులు. అందులో మిరిస్సాకి ఒక్క రాత్రే. ఇది సరిపోతుందా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

గోదారి_గట్టు

టీచర్ గారూ, డబ్బు ఇంకా కట్టలేదు కదా? కట్టకపోతే ఆ ప్లాన్ పక్కన పెట్టేయండి. నేను ఉద్యోగం మీద కొలంబోలో కాపురం ఉన్నాను. అక్కడి వానల సంగతి తెలుసు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

శ్రీలంకకి రెండు వానాకాలాలు. మనకి జూన్‌లో వచ్చే నైరుతి అక్కడ మే నెలలోనే దిగుతుంది. మిరిస్సా, బెంతోట, హిక్కడువ, ఉనవటున అన్నీ దానికి ఎదురుగా ఉన్న ఒడ్డులే. రోజంతా ముసురు పట్టి ఉంటుందని కాదు, ఎండ కాసే పూటలూ ఉంటాయి. కానీ సెప్టెంబరు దాకా అటు అలలు పెద్దవి, చాలా చోట్ల ఎర్రజెండా పాతేస్తారు. మిరిస్సాలో తిమింగలాలు చూపించే పడవలకి సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ వరకే. మీరు చూసిన వీడియోల్లో నీళ్లు అద్దంలా ఉన్నాయంటే అవి డిసెంబరు, మార్చి మధ్య తీసినవే అయ్యుంటాయి. సముద్రం కోసమే వెళ్తున్న పిల్లాణ్ణి తీసుకెళ్లి హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో దించడం న్యాయం కాదు.

అదే మే నెలలో తూర్పు తీరం చూడండి. నైరుతి గాలి మోసుకొచ్చిన తేమ మధ్యలో ఉన్న కొండల మీదే కురిసిపోతుంది. అటు దిగేసరికి అది పొడిగాలి. ట్రింకోమలీ, పాసికుడా ఒడ్డున సముద్రం మే నుంచి సెప్టెంబరు దాకా నెమ్మదిగా ఉంటుంది. వాళ్ల వానలు అక్టోబరు తర్వాత, మన కోస్తాకి ఈశాన్యం వచ్చినప్పుడే.

మీకు నా సలహా ట్రింకోమలీ. ఊరికి ఉత్తరాన ముందు ఉప్పువెలి, ఇంకాస్త పైకి వెళ్తే నిలావెలి. ఉప్పువెలిలో తిండి, షాపులు దగ్గర. నిలావెలి ఖాళీగా, పొడుగ్గా ఉంటుంది. పొద్దున్నే లేస్తే సూర్యుడు సముద్రంలోంచే పైకొస్తాడు. ఆ వేళకి జాలర్లు అలివి వల లాగుతుంటారు. రెండు వైపులా మోకులు పట్టుకుని, పాట పాడుతూ, అడుగు వెనక అడుగు వేస్తూ లాగుతారు. వల ఒడ్డెక్కేదాకా కాకులు, కుక్కలు, పిల్లలు అందరూ అక్కడే. మీ బాబు ఒక మోకు పట్టుకుంటానంటే ఎవరూ వద్దనరు.

ఎలా వెళ్లాలంటే, విమానాశ్రయం ఉన్నది కొలంబోలో కాదు, కటునాయకలో, నెగొంబో పక్కన. రాత్రి దిగితే నెగొంబోలో పడుకోండి. పొద్దున కారు మాట్లాడుకుని కురునెగల, దంబుల్ల, హబరన మీదుగా వెళ్తే ట్రింకోకి ఐదారు గంటలు. అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి మధ్యలో పాతకాలపు రాతికోట సిగిరియా దగ్గర ఒక రాత్రి ఆగండి. సిగిరియా కొండకి మెట్లు దాదాపు 1200, ఆవిడ కింద తోటల్లో కూర్చోవచ్చు. టికెట్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించండి, మనలాంటి సార్క్ దేశాలవాళ్లకి ధర తక్కువ. మిగతా రాత్రులన్నీ నిలావెలిలోనే ఉండి, చివరి రాత్రికి నెగొంబో చేరుకోండి. క్యాండీ, నువర ఎలియ, ఎల్లా ఈసారికి వదిలేయండి. ఆ ఘాట్ రోడ్ల మీద పిల్లాడికి వాంతులు, పెద్దావిడకి నడుంనొప్పి తప్ప బీచ్‌కి టైమే మిగలదు.

బీచ్‌రోడ్_విశాఖ

గోదారి గట్టు గారితో సగమే ఒప్పుకుంటాను. మేం మే చివర్లోనే, మిరిస్సా ఉన్న ఒడ్డునే ఉండే గాల్ వైపు వెళ్లాం, మాకు బాగా నచ్చింది. సీజన్ కాదు కాబట్టి గదులు చవగ్గా దొరికాయి, జనం లేరు. గాల్ కోట పోర్చుగీసువాళ్లు మొదలుపెడితే డచ్చివాళ్లు పెద్దది చేశారు, 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సాయంత్రం ఆ గోడల మీద నడుస్తుంటే కింద అలలు రాళ్లకి కొట్టుకునే చప్పుడు వింటూ గంటలు గడపొచ్చు. కొలంబో ఫోర్ట్ నుంచి గాల్ వెళ్లే రైలు కూడా చాలాదూరం సముద్రం పక్కనే పోతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. మొదటిసారి వెళ్లి అది చూడకుండా రావడం నాకైతే మనసొప్పదు.

గోదారి_గట్టు

ఆ రైలు, ఆ కోట రెండూ నాకూ ఇష్టమే. టీచర్ గారూ, మీరు, మీవారు ఇద్దరే వెళ్తుంటే అదే చెప్పేవాణ్ణి. ఇక్కడ ప్రశ్న పిల్లాడు నీళ్లలో ఆడటం గురించి. మేలో గాల్ దగ్గర సముద్రం చూడటానికి బాగుంటుంది, దిగడానికి కాదు.

తెనాలి_టీచర్

ఇద్దరికీ థాంక్సండీ. రెండు వానాకాలాల సంగతి ఏజెంటు ఒక్కమాట చెప్పలేదు. మావారు ట్రింకోమలీకి ఓకే అన్నారు. ఇప్పుడు నా భయమల్లా అత్తయ్యగారి భోజనం గురించి. పైగా ఆవిడ బీచ్‌లో ఏం చేస్తారు? మేమేమో నీళ్లలో, ఆవిడ ఒక్కరే గదిలో అంటే నాకు బాధగా ఉంటుంది.

గోదారి_గట్టు

అత్తయ్యగారి కోసమైనా ట్రింకోనే నయం. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది శాంకరీదేవి పీఠం కదా, అది ఇక్కడేనని మనవాళ్ల నమ్మకం. కోనేశ్వరం గుడి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ చివర, ఫ్రెడరిక్ కోట లోపల ఉంటుంది. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడగొట్టారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది. కోట లోపల రోడ్డు మీద జింకలు తిరుగుతుంటాయి, బాబు అక్కడే సగంసేపు ఆగిపోతాడు. సాయంత్రం పూజ వేళకి వెళ్లండి, ఎండ తగ్గి ఉంటుంది. చెప్పులు బయటే విడవాలి, మధ్యాహ్నమైతే ఆ బండలు కాలిపోతుంటాయి. ఇంకో పూట కన్నియా వేడినీటి బావులు చూపించండి. ఏడు బావులు, ఒక్కోదాన్లో నీళ్ల వేడి ఒక్కోలా ఉంటుంది.

భోజనం విషయంలో ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. శ్రీలంకలో కొబ్బరి పచ్చడిలోనూ, పప్పులోనూ, ఆకుకూరలోనూ ఎండుచేప పొడి వేస్తారు. ట్యూనా లాంటి చేపని ఉడికించి, పొగపెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, దాన్ని దంచి రుచి కోసం చల్లుతారు. వండేవాళ్ల దృష్టిలో అది కూరగాయల కూరే. అందుకని ‘వెజిటేరియన్’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. సింహళంలో దాన్ని ఉంబలకడ అంటారు, తమిళంలో మాసి. ‘మాసి వేయని కూర కావాలి’ అని వంట మొదలుపెట్టకముందే చెప్పాలి. హోటల్ బుక్ చేసేటప్పుడే మెసేజ్ పెట్టి, వాళ్లు ఒప్పుకున్న జవాబు దాచుకోండి. ట్రింకో ఊళ్లో తమిళులు ఎక్కువ, శైవ భోజనశాలలు ఉన్నాయి. ఇడ్లీ, దోసె, సాంబారు అన్నం అక్కడ నిశ్చింతగా తినొచ్చు. ఇడియప్పం (బియ్యప్పిండి సేమ్యా లాంటిది, ఆవిరి మీద ఉడికిస్తారు) ఆవిడకి నచ్చుతుంది, పక్కన ఇచ్చే కొబ్బరి పచ్చడి గురించి మాత్రం అడిగి తినమనండి. దారిలో నారింజరంగు కొబ్బరిబోండాలు అమ్ముతారు, తంబిలి అంటారు. ఎండకి అదే మందు.

ఇంకోటి, మే పౌర్ణమి వాళ్లకి వేసాక్, మన బుద్ధ పూర్ణిమే. రెండు రోజులు సెలవు. ఊరంతా కాగితపు లాంతర్లు కడతారు, రోడ్డు పక్కన పందిళ్లు వేసి దారినపోయేవాళ్లందరికీ ఉచితంగా భోజనం పెడతారు. చూసి తీరాల్సిన పండగ. కానీ ఆ రెండు రోజులూ గదులు దొరకవు, దారిలో ట్రాఫిక్ ఆగిపోతుంది. మీ తేదీలు దానికి తగిలితే ఆ రోజు ప్రయాణం పెట్టుకోకుండా ఉన్నచోటే ఉండండి.

ప్యాకింగ్_పద్మం

డబ్బు, కాగితాల సంగతి నేను చెబుతాను. మనవాళ్లకి ఈటీఏ అనే అనుమతి కావాలి, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. శ్రీలంక ప్రభుత్వ సైట్‌లోనే అప్లై చేయండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ డబ్బు లాగుతాయి. ఫీజు రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి అదే సైట్‌లో చూసుకోండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడుకి పైనే వస్తాయి. బిల్లులో వేలు చూసి కంగారుపడకండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ క్యూఆర్ కోడ్ ఉన్న షాపుల్లో యూపీఐ పనిచేస్తోంది. బయల్దేరేలోపు మీ యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేసుకోండి. నిలావెలిలో పడవలవాళ్లకి, చిన్న హోటళ్లకి మాత్రం నగదే ఇవ్వాలి. విమానాశ్రయంలో బ్యాంకు కౌంటర్లు ఉన్నాయి, సిమ్ కూడా అక్కడే తీసుకోండి. గడియారం మార్చక్కర్లేదు, వాళ్ల టైమూ మన టైమూ ఒకటే.

తెనాలి_టీచర్

అత్తయ్యగారికి శాంకరీదేవి గుడి అని చెప్పగానే పెట్టె సర్దడం మొదలుపెట్టారండీ! చివరగా ఒక్కటి. పిజియన్ ఐలాండ్ అని ఒకటి కనిపించింది. బాబుని తీసుకెళ్లొచ్చా? వాడికి ఈత కొద్దిగా వచ్చు.

గోదారి_గట్టు

తీసుకెళ్లండి, తప్పకుండా. నిలావెలి ఒడ్డు నుంచి కిలోమీటరు దూరమే. నేషనల్ పార్కు కాబట్టి ముందు వైల్డ్‌లైఫ్ కౌంటర్లో టికెట్ కొనాలి, పడవ డబ్బులు వేరు. పొద్దున మొదటి పడవల్లో వెళ్తే నీళ్లు తేటగా ఉంటాయి, జనం తక్కువ. మాస్క్ పెట్టుకుని మొహం నీళ్లలో పెడితే చాలు, పగడపు దిబ్బల మధ్య రంగురంగుల చేపలు కనిపిస్తాయి. రెక్క చివర నల్లగా ఉండే చిన్న సొరచేపలూ తిరుగుతాయి. వాటి జోలికి వెళ్లకపోతే అవి మన జోలికి రావు. పగడాల మీద కాలు పెట్టనివ్వకండి. అవి ప్రాణమున్నవి, విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది, కాలూ కోసుకుపోతుంది. మీరు చీరతో గానీ చున్నీతో గానీ నీళ్లలో దిగకండి, తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టు వేసుకోండి, అక్కడ ఎవరూ వింతగా చూడరు.

తూర్పున సముద్రం నెమ్మదే అయినా బాబుకి ఒకటి నేర్పండి, సూర్యలంకలోనూ పనికొస్తుంది. అలలు వరసగా విరుగుతున్న చోట మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, ముదురు రంగులో, నున్నగా కనిపిస్తుంది. దిగడానికి అదే మంచి చోటు అనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లు లోపలికి తిరిగిపోయే దారి అది, మనిషినీ లాక్కుపోతుంది. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదుకుంటూ పోయి, ఆ పట్టీ దాటాక అలలతోపాటు బయటికి రావాలి.

పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ బాబుకి తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా లేస్తే అది పెద్దవాళ్లది. సరిపడేది ఇచ్చేదాకా ఆ పడవ ఎక్కకండి, ఒడ్డున ఇంకా పడవలుంటాయి.