పాత ఇంటి దంతెలకి 28 కిలోల షాండ్లియర్ వేలాడదీయొచ్చా?

ప్రశ్న:
మాది పాత ఇల్లు. హాలు కప్పుకి కింద చెక్క పలకలు, వాటి పైన దంతెలు (కప్పుని మోసే అడ్డ కర్రలు). 28 కిలోల షాండ్లియర్ నడిమధ్యలోనే ఉండాలని మా ఆవిడ పట్టు. ఇప్పుడున్న చిన్న లైటు కొక్కేన్ని లాగి చూస్తే పలక కూడా కదిలింది. ఎవరి నెత్తిన పడుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
యాంకర్ బోల్టు వేసేయండి బ్రదర్, ఏం కాదు.

జవాబు 2:
యాంకర్ బోల్టు కాంక్రీటు కోసం చేసిందండీ. లోపల విచ్చుకుంటేనే అది పట్టేది. అలా విచ్చుకుంటే కర్ర చీలుతుంది. పలకలో వేస్తే పలకతో సహా ఊడొస్తుంది. బరువు దంతెలకే చేరాలి.

ముందు దంతెల్ని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి, ముఖ్యంగా గోడలోకి దూరే కొసల దగ్గర. తడి చేరేది అక్కడే. మొన మెత్తగా దిగిందా, షాండ్లియర్ సంగతి పక్కనపెట్టి చెదల సంగతి చూడాలి.

కర్ర గట్టిగా ఉంటే, 8 మి.మీ. స్క్రూ దంతె వెడల్పుకి సరిగ్గా మధ్యన ఆరేడు సెంటీమీటర్లు దిగినా ఈ బరువు ఆగుతుంది. కాకపోతే పాత కర్ర రాయిలా బిగిసి ఉంటుంది. ముందు 6 మి.మీ. బెజ్జం వేసి, మరలకి సబ్బు రాయకపోతే బిగించేటప్పుడే స్క్రూ తెగుతుంది. పైన అటక ఉంటే నేను స్క్రూ జోలికే పోను. రెండు దంతెల మీద అడ్డంగా మందపాటి కర్ర పరిచి, దాని గుండా కొక్కెం ఉన్న బోల్టు కిందికి దించి, పైన వెడల్పాటి వాషరు, రెండు నట్లు వేస్తాను. బరువు రెండు దంతెలకీ పంచుకుంటుంది, వాటికి బెజ్జమూ పడదు.

ఏం చేసినా దంతె కింది అంచుకి గాటు పెట్టకండి. బరువుకి కర్ర వంగినప్పుడు సాగేది ఆ అంచే, గాటు పడ్డచోటే చీలిక మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అటక ఉందండి, మనిషి దూరొచ్చు. ఒక దంతె వెంబడి కరెంటు వైరు పోతోంది. అన్నట్టు, మా అబ్బాయి పంచింగ్ బ్యాగ్ కూడా అక్కడే కట్టమంటున్నాడు.

జవాబు 2:
మెయిన్ ఆపి ఎక్కండి. షాండ్లియర్ వైరుని కాస్త వదులుగా ఉంచండి, బరువు దాని మీద పడకూడదు. బిగించాక మూడు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఆ కొక్కేనికే వేలాడదీసి ఒక రాత్రి వదిలేయండి. రెట్టింపు బరువుకి నిలిస్తే దిగుల్లేదు.

బ్యాగ్ మాత్రం వద్దు. గుద్దినప్పుడల్లా కుదుపే కదా, నట్లు వదులవుతాయి, కొక్కెం అరుగుతుంది. నేల మీద నిలబెట్టే స్టాండు కొనివ్వండి.