గార్డెన్ ట్రాక్టర్ టిల్లర్: లోడ్ పడితే బ్లేడ్లు ఆగుతున్నాయి, కింద షాఫ్టు దగ్గర టకటక

ఎర్రనేల:
అందరికీ నమస్కారం. 20 హెచ్‌పీ గార్డెన్ ట్రాక్టర్, వెనక టిల్లర్. డ్రైవ్ ఇలా ఉంది: ఇంజిన్ ముందు క్రాంక్ మీద ఎలక్ట్రిక్ పీటీఓ క్లచ్ (స్విచ్ వేస్తే అయస్కాంతంతో పట్టుకుని ఇంజిన్ తిప్పుడుని టిల్లర్ వైపు పంపేది). దాన్నుంచి వీ-బెల్టు కిందకి దిగి ఛాసిస్ కింద ఉన్న 25.4 మి.మీ. షాఫ్టు పుల్లీని తిప్పుతుంది. ఆ షాఫ్టు రెండు ఫ్లాంజ్ బేరింగుల్లో తిరుగుతూ వెనక్కి వెళ్తుంది. అక్కణ్ణుంచి క్రాస్ జాయింట్ షాఫ్టు టిల్లర్ గేర్‌బాక్స్‌కి, పక్కనున్న చైన్ కేస్ నుంచి బ్లేడ్లకి.

మెత్తటి నేలలో బాగానే తిరుగుతోంది. గట్టి నేల తగిలితే బ్లేడ్లు ఆగిపోతాయి, ఇంజిన్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొంత నయం, వేడెక్కాక మరీ ఎక్కువ. స్విచ్ వేయగానే కింద నుంచి టక్‌మని దెబ్బ. వెనక షాఫ్టు చేత్తో తిప్పితే చాలా దూరం ఖాళీగా తిరిగి అప్పుడు పట్టుకుంటోంది. పుల్లీ బాస్ (షాఫ్టు దూరే మధ్య బొడ్డు) చుట్టూ ఎర్రటి పొడి. బెల్టు కొత్తదే. క్లచ్ మార్చాలా, షాఫ్టు మార్చాలా, క్రాస్ మార్చాలా? అన్నీ ఒకేసారి కొనే ఉద్దేశం లేదు.

పానా14:
ఇప్పుడే ఏమీ కొనకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు, కలిపి చూస్తే తికమకే. బ్లేడ్లు ఆగినా ఇంజిన్ తిరుగుతోందంటే ఎక్కడో జారుతోంది. టక్‌మంటోంది, ఖాళీగా తిరుగుతోందంటే ఎక్కడో అరిగి ప్లే (వదులు) వచ్చింది. మీ లైన్‌లో జారగలిగినవి బెల్టు, క్లచ్, అంతే. కీ (పుల్లీని షాఫ్టుకి పట్టి ఉంచే, గాడిలోని ఇనుప ముక్క), స్ప్లైన్ (షాఫ్టు మీది పళ్ళు), క్రాస్ అరిగితే చప్పుడు చేస్తాయి గానీ తెగేదాకా తిప్పుతూనే ఉంటాయి.

ముందు ప్లే సంగతి. తాళం తీసేసి, ప్లగ్ వైరు ఊడదీసి పక్కకి కట్టేయండి. టిల్లర్ నేల మీదకి దించి బ్లేడ్లు మట్టిలో దిగేలా ఉంచండి. ఇక ప్రతి జాయింటు మీదా అడ్డంగా సుద్దగీత: పుల్లీకీ షాఫ్టుకీ మధ్య ఒకటి, షాఫ్టుకీ యోక్‌కీ (క్రాస్‌ని పట్టుకునే కొమ్ముల ముక్క) మధ్య ఒకటి, యోక్‌కీ క్రాస్‌కీ, లోపలికి బయటికి జారే షాఫ్టు దగ్గర, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ దగ్గర. ఒకరు పుల్లీని అటూ ఇటూ ఊపుతుంటే ఇంకొకరు గీతల్ని చూడాలి. గీత ఎక్కడ విరిగితే ప్లే అక్కడ. పుల్లీ అంచున ఎన్ని మి.మీ. కదిలిందో స్కేలు పెట్టి కొలవండి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ దగ్గర కొద్దిగా ఆడితే కంగారు పడొద్దు. గేర్ల మధ్య సందు, చైన్ వదులు రెండూ రిడక్షన్ వల్ల ఇన్‌పుట్ దగ్గర పెద్దగా కనిపిస్తాయి.

పుల్లీని కింద నుంచి పైకి ఎత్తి కూడా చూడండి. అది బేరింగ్ పరీక్ష, చాలామంది వదిలేస్తారు.

తర్వాత క్లచ్. దాని చుట్టూ ఉన్న మూడు కిటికీల్లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి ప్లేట్ల మధ్య గ్యాప్ చూడండి. కాయిల్ ప్లగ్ ఊడదీసి ఓమ్‌లు చూడండి. ఆ తర్వాత ప్లగ్ మళ్ళీ పెట్టి, ఇంజిన్ నడుస్తూ క్లచ్ పట్టి ఉండగా అదే ప్లగ్ వెనక వైపు నుంచి వోల్టేజీ చూడండి. దీనికి మాత్రం వెనక షాఫ్టు విప్పేసి, మీటరు వైర్లు బెల్టుకి అందని దూరంలో కట్టి ఉంచాలి. అంకెలు పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఎర్రనేల:
కొలిచాను. కింది పుల్లీ (150 మి.మీ. వ్యాసం) అంచున షాఫ్టుతో పోలిస్తే 4 మి.మీ. ఆడుతోంది. క్రాస్‌లు, జారే షాఫ్టు దగ్గర గీతలు కదల్లేదు. పుల్లీని ఎత్తితే ముందు బేరింగ్ దగ్గర మి.మీ. పైనే లేస్తోంది, వెనక బేరింగ్ గట్టిగా ఉంది. క్లచ్ గ్యాప్ 0.50, 0.55, 0.60 మి.మీ. కాయిల్ చల్లగా 3 ఓమ్‌లు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, క్లచ్ ప్లగ్ దగ్గర 11.1.

గట్టిబోల్టు:
పుల్లీకి కీ దగ్గర రెండు టాకాలు వెల్డింగ్ కొట్టించెయ్యండి అన్నా, జన్మలో కదలదు. గేర్‌బాక్స్ యోక్‌కి ఉన్న చిన్న బోల్టు కూడా తీసేసి 8.8 బోల్టు వేస్తే ఆ బాధా ఉండదు.

పానా14:
ఆ బోల్టు జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది షియర్ బోల్టు, తెగడమే దాని పని. బ్లేడ్లలో రాయి ఇరుక్కుంటే తెగాల్సింది అదే. దాని బదులు తల మీద 8.8 అని ఉన్నది వేస్తే ఆ దెబ్బ తిన్నగా గేర్‌బాక్స్ పళ్ళ మీదో క్రాస్ మీదో పడుతుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడే వేయాలి. అంగుళం సైజు బోల్టులైతే తల మీద గీతలు లేనిది గ్రేడ్ 2, మూడు గీతలుంటే 5, ఆరు గీతలుంటే 8. బోల్టు మాటిమాటికీ తెగుతుంటే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిందేమో చూడండి. సాగిన రంధ్రంలో బోల్టు వంగి వంగి అలిసిపోయి, లోడ్ లేకపోయినా తెగుతుంది.

వెల్డింగ్ కూడా వద్దు. వేడికి షాఫ్టు వంగుతుంది, రేపు బేరింగ్ మార్చాలంటే పుల్లీ ఊడిరాదు. అసలు పుల్లీ ఎందుకు లూజైందో మీ కొలతల్లోనే ఉంది: ముందు బేరింగ్ పోయింది. బెల్టు పైకి లాగుతోంది, పుల్లీ ప్రతి చుట్టుకీ కాస్త ఊగుతోంది, ఆ ఊపు కీ మీద సుత్తిదెబ్బలా పడుతోంది. ఎర్రపొడి అదే, ఇనుమూ ఇనుమూ రాసుకుని తుప్పై రాలిన పొడి. (నల్లటి మెత్తటి పొడి అయితే బెల్టు రబ్బరు, లేకపోతే క్లచ్ లైనింగ్.) కీ ఒక్కటే మార్చి బేరింగ్ వదిలేస్తే కొత్త కీ కూడా ఇలాగే అవుతుంది.

లేత్_మూల:
కీ లెక్క నేను చెప్తాను. అంచున 75 మి.మీ. దూరంలో 4 మి.మీ. అంటే, షాఫ్టు ఉపరితలం దగ్గర, అంటే 12.7 మి.మీ. దూరంలో, దాదాపు 0.7 మి.మీ. కీ, షాఫ్టు గాడి, పుల్లీ గాడి మూడింట్లో కలిపి అంత అరిగింది. కొత్త కీతో సరిపోయే అరుగుదల కాదిది.

పుల్లీ ఊడదీశాక మూడూ విడివిడిగా వెర్నియర్‌తో కొలవండి. 25.4 షాఫ్టుకి మామూలుగా 6.35 మి.మీ. చదరపు కీ ఉంటుంది. చాలాచోట్ల ఇక్కడే బోల్తా పడతారు: 6 మి.మీ. కీ చేతికి దొరుకుతుంది, దూరుతుంది కూడా, కానీ మొదటి రోజే 0.35 మి.మీ. ప్లేతో మొదలవుతుంది. మీ పాత కీ ఎంతుందో చూడండి, అదే అయి ఉంటే ఆశ్చర్యం లేదు.

షాఫ్టు గాడి గోడలు నిలువుగా ఉండి పుల్లీ గాడి మాత్రమే సాగి ఉంటే, పుల్లీ మార్చి సరైన కీ వేస్తే చాలు. షాఫ్టు గాడి కూడా పై అంచున వెడల్పై పోయి ఉంటే రెండు దారులు. ఒకటి, గాడిని మిల్లింగ్‌లో శుభ్రంగా 8 మి.మీ.కి తీసి మెట్టు కీ చేయించడం, అంటే కింది సగం 8, పై సగం 6.35. పుల్లీ కొత్తది అలాగే కూర్చుంటుంది. రెండోది, అదే షాఫ్టుకి ఎదురు వైపు, 180 డిగ్రీల్లో కొత్త గాడి కొట్టించడం. అది చవక, కానీ ఒకే చోట రెండు గాడులు పడితే షాఫ్టు బలం తగ్గుతుంది. టిల్లర్‌కి నేనైతే ఇది ఒప్పుకోను. షాఫ్టు పొట్టిదే కాబట్టి కొత్త షాఫ్టు టర్నింగ్ చేయించడం దీనికంటే నయం.

షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోట కూడా కొలవండి. లోపలి రింగు షాఫ్టు మీద తిరిగి ఉంటే అక్కడ గీతలు పడి సన్నబడి ఉంటుంది. అలా ఉంటే ఇక గాడి సంగతి ఆలోచించక్కర్లేదు, షాఫ్టు మార్చాల్సిందే.

బేరింగ్ కొనేటప్పుడు 6205 గానీ యూసీ205 గానీ తెచ్చుకోకండి, వాటి బోరు 25 మి.మీ. మీకు కావాల్సింది యూసీ205-16, అంగుళం బోరు. 25ది తెచ్చి ఎమెరీ పేపరుతో షాఫ్టుని రుద్ది ఎక్కించేవాళ్ళున్నారు. 0.4 మి.మీ. రుద్దితే గుండ్రం ఎక్కడ మిగులుతుంది? వెనకది గట్టిగా ఉన్నా రెండూ మార్చండి, పని ఒక్కటే.

ఎర్రనేల:
పాత కీ 6.0 ఉంది. షాఫ్టు గాడి 7 దాటింది, బేరింగ్ చోటులో గోరు తగిలే గీతలు. షాఫ్టు చేయిస్తున్నాను. మరి జారడం సంగతి? గ్యాప్ బిగిస్తే సరిపోతుందా, క్లచ్ పోయిందా?

పానా14:
క్లచ్ బతికే ఉంది. 3 ఓమ్‌లు ఈ సైజు క్లచ్‌కి మామూలే. ముందు చూడాల్సింది మీ వైరింగ్. బ్యాటరీకీ క్లచ్‌కీ మధ్య 2.8 వోల్టులు మాయమవుతున్నాయి. 3 ఓమ్‌ల కాయిల్‌కి 13.9 దగ్గర 4.6 ఆంపియర్లు వెళ్ళాలి, 11.1 దగ్గర 3.7 మాత్రమే వెళ్తుంది. అయస్కాంతం పట్టు ఉరామరిగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి మూడో వంతు పట్టు అక్కడే పోయింది. పైగా రాగి తీగ వేడెక్కే కొద్దీ నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం. 75 డిగ్రీలు పెరిగితే మీ 3 ఓమ్‌లు 3.9 అవుతాయి. వేడెక్కాక ఎక్కువ జారడానికి కారణం ఇదే.

ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం సులువు. క్లచ్ పట్టి ఉండగా మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది వరసగా ఫ్యూజు అవతల, పీటీఓ స్విచ్ అవతల, సీటు స్విచ్ లేదా రిలే అవతల, చివరికి క్లచ్ ప్లగ్ మీద. రీడింగు ఎక్కడ ఒక్కసారిగా ఎగిరితే తప్పు అక్కడ. తర్వాత ఎర్త్ వైపు కూడా, క్లచ్ నల్ల వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య. ఎక్కువగా పీటీఓ స్విచ్ కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి, లేకపోతే ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు. సీటు స్విచ్‌ని తీగతో కలిపేయాలని మాత్రం చూడకండి. మొత్తం మీద అర వోల్టు లోపు రావాలి.

గ్యాప్ వేరే సంగతి. ప్లేటు అతుక్కున్నాక గ్యాప్ ఉండదు, కాబట్టి లోడ్ మీద జారడానికి అది కారణం కాదు. గ్యాప్ పెరిగితే స్విచ్ వేసినప్పుడు ప్లేటు ఆలస్యంగా, అతుక్కోలేక అతుక్కుంటుంది, ఆ కాసేపూ రాసుకుని లైనింగ్ కాలుతుంది. మీ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే. లేకపోతే ఈ తరహా క్లచ్‌లకి 0.3 నుంచి 0.45 మధ్య ఉంటుంది, 0.38 పెట్టండి. కిటికీలో గేజ్ ఉంచి, పక్కనున్న నట్టు గేజ్ కాస్త పట్టేలా బిగించండి. మూడూ ఒక రౌండ్ అయ్యాక మళ్ళీ మొదటిది చూడండి, మారి ఉంటుంది.

క్లచ్ తిరక్కుండా ఆపే బ్రాకెట్ ఉంటుంది కదా, దాన్ని గట్టిగా బిగించేయకండి. అది కొంచెం ఆడాలి. బిగిస్తే క్లచ్ లోపలి బేరింగ్ మీద పక్కకి తోపు పడి చచ్చిపోతుంది.

చివరగా పుల్లీలు. గాడి గోడకి ఒక తిన్నని అంచు ఆనించి చూడండి, లోపల 0.8 మి.మీ. కంటే గొయ్యి పడి ఉంటే పుల్లీ మార్చాలి. బెల్టు గాడి అడుగుకి తగిలి మెరుస్తుంటే అది పక్కగోడల మీద పట్టట్లేదు. కొత్త బెల్టు అయినా జారుతుంది.

లేత్_మూల:
బిగించేటప్పుడు రెండు మాటలు. షాఫ్టుకి కీ పొడవునా బిగువుగా, పుల్లీ తేలిక దెబ్బలకి ఎక్కేలా ఫిట్ చేయించండి. పుల్లీ ఎక్కించాక గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) కీ మీదకి వచ్చేలా బిగించి, థ్రెడ్ లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేయండి. పై పుల్లీకీ కింది పుల్లీకీ లైను చూడండి, 300 మి.మీ. దూరానికి 2.5 మి.మీ. దాటకూడదు.

జారే షాఫ్టు మళ్ళీ కలిపేటప్పుడు రెండు చివర్ల యోక్‌లూ ఒకే తలంలో ఉండాలి, 90 డిగ్రీలు తప్పితే ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం ఎగుడుదిగుడై వణుకు మొదలవుతుంది. పని చేసే ఎత్తులో కనీసం మూడో వంతు పొడవు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. టిల్లర్ పూర్తిగా పైకెత్తి, పూర్తిగా దించి, రెండు చోట్లా లోపల అడుగు తగలకుండా చూసుకోండి.

పానా14:
అన్నీ అయ్యాక క్లచ్‌ని సాన పెట్టాలి, అంటే రాసుకునే ముఖాలు ఒకదాని మీద ఒకటి బాగా కూర్చునేలా చేయాలి. టిల్లర్ పైకెత్తి, సగం థ్రాటిల్‌లో క్లచ్ 10 సెకన్లు వేసి 10 సెకన్లు తీయండి, ఇలా ఐదుసార్లు. తర్వాత ముప్పావు థ్రాటిల్‌లో ఇంకో ఐదుసార్లు. ఎత్తిన టిల్లర్ దగ్గర ఎవరూ ఉండకూడదు, ముందే కింద దిమ్మలు పెట్టండి. చల్లారాక గ్యాప్ ఇంకోసారి చూడండి.