బుర్రకథ మిక్సింగులో కంప్రెసర్ ఎక్కువైంది, గుమ్మెట మోత మితిమీరింది: మీరెలా సరిచేశారు?

తెనాలి_తంబుర:
అందరికీ నమస్కారం. మా మేనమామ గారి బుర్రకథ దళం చేత గత నెలలో గంటన్నర కథను మా ఇంట్లోనే చెప్పించి రికార్డు చేశాను. గది వెడల్పు 10 అడుగులు, పొడవు 12 అడుగులు, పైకప్పు ఎత్తు కూడా 10 అడుగులే. మామయ్య గొంతుకు ఒక మైకు, తంబురకు ఒకటి, పక్కన వంత పాడే ఇద్దరు వంతల గుమ్మెట డోళ్లకు చెరొకటి పెట్టాను. కథ చెబుతున్నప్పుడు ఆయన అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూనే ఉంటారు కనుక గొంతు ఒకచోట చెవులు పగిలేలాగా, మరొకచోట పక్కింట్లో మాట్లాడుతున్నట్టుగా పడింది. దానిని సమం చేద్దామని గొంతు మీద, పెద్ద ధ్వనిని నొక్కే కంప్రెసర్‌ను 8:1 రేషియోతో (హద్దు దాటిన 8 డీబీ 1 డీబీ అయ్యేలా) పెట్టాను, మొత్తం మిక్స్ మీద మరొకటి పెట్టాను, చివర ధ్వని ఒక ఎత్తు దాటకుండా ఆపే లిమిటర్ తగిలించాను. ఇప్పుడు గొంతు సమంగానే ఉంది కానీ ఉప్పు లేని కూరలా ఉంది. పైగా గుమ్మెట మీద దెబ్బ పడిన ప్రతిసారీ మామయ్య గొంతు నీళ్లలో మునిగి తేలినట్టు వినిపిస్తోంది. కారులో వింటే తలుపులు అదురుతున్నాయి, ఫోనులో వింటే గుమ్మెట ఉన్నట్టే తెలియడం లేదు. నా ప్రశ్నలు మూడు. కంప్రెసర్‌ను ఎంతవరకు వాడాలి? గుమ్మెట బేస్‌ను ఎక్కడ కోయాలి? తంబుర ధ్వని మిగిలిన వాటి కింద పడి మాయమవుతోంది, దానిని పైకి తేవడం ఎలా?

పాతచెవి:
బాబూ, స్పూలు టేపుల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి కనుక సూటిగా చెబుతున్నాను. మీ గొంతు మునగడానికి కారణం గొంతు మీది కంప్రెసర్ కాదు, మొత్తం మిక్స్ మీద పెట్టిన రెండవది. కింది ధ్వనులకే శక్తి ఎక్కువ కనుక గుమ్మెట దెబ్బ త్రెషోల్డ్‌ను, అంటే నొక్కుడు మొదలయ్యే హద్దును, దాటగానే అది మొత్తం మిక్స్‌ను నొక్కేస్తుంది, ఆ నొక్కుడులో ఏ తప్పూ చేయని గొంతు కూడా దిగిపోతుంది. కంప్రెసర్ వినే దారి అయిన సైడ్‌చైన్‌లో, కింది ధ్వనులను ఆపే హై పాస్ ఫిల్టర్‌ను 120 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, అప్పుడు కంప్రెసర్‌కు గుమ్మెట అడుగు వినపడదు. ఇంకా మంచిది, ఆ కంప్రెసర్‌ను తీసి పారేయండి. నేను ఇన్నేళ్లలో జానపదం మొత్తం మీద కంప్రెసర్ పెట్టిన సందర్భాలు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి.

ఫోక్‌బీట్_కరీంనగర్:
పాతచెవి గారి మాట పుస్తకంలో బాగుంటుంది కానీ పాట బయటికి వెళ్లాక పరిస్థితి వేరు. నేను నెలకు నాలుగైదు జానపద పాటలు మిక్స్ చేస్తాను, పాట చేయించుకునేవారు మొదట అడిగేది ‘అన్నా, డీజే బాక్సుల మీద గుండె అదరాలె’ అనే. లిమిటర్ లేకుండా వారికి పాట ఇస్తే మరుసటి రోజే వేరే స్టూడియోకు వెళ్లిపోతారు. నా పద్ధతి చాలా సులువు. వాయిద్యాలన్నిటినీ 100 హెర్ట్జ్ కింద కోసేయాలి, అడుగున ఒక కిక్ శాంపిల్ (ముందే రికార్డు చేసిన డ్రమ్ దెబ్బ) వేయాలి, దాని మీద మాత్రమే బేస్ ఉంచాలి. డప్పు, గుమ్మెట, తీగ ఉండే జముకు ఏదైనా సరే, వాటి అడుగున ఉండేది సంగీతం కాదు, గోల.

జముకు_పలాస:
‘జముకు అడుగున గోల’ అన్న మాట చదివాక ఊరుకోలేకపోతున్నాను. జముకు ప్రాణమంతా ఆ తీగను బిగించి వదిలేటప్పుడు కింది నుంచి పైకి జారే స్వరంలోనే ఉంది. 100 హెర్ట్జ్ దగ్గర గోడ కట్టేస్తే ఆ జారుడు మొదటి సగం పోయి, చివరి సగం మాత్రం ఎక్కడి నుంచో ఊడిపడినట్టు వినిపిస్తుంది. నేను ఒకసారి మా ఊరి జముకుల కథను అలాగే పాడుచేశాను. కథ చెప్పే పెద్దమ్మ విని, ‘ఇది నా జముకు కాదు నాయనా, ఎవుల్దో’ అంది. ఆ రోజు నుంచి కోత పెట్టే ముందు వాయిద్యం అట్టడుగు స్వరం ఎక్కడుందో విని, దానికి కనీసం అరస్థాయి (సగం ఆక్టేవ్) కిందే ఫిల్టర్ పెడుతున్నాను, అదీ నిటారుగా కాకుండా స్థాయికి 12 డీబీ వాలుతో. గుమ్మెటకు కూడా అంతే.

సిర్ర_సిటికెన:
గోల అన్నది జముకును మాత్రమే కాదు, మా డప్పును కూడా అన్నారు. మా నాయన నలభై ఏళ్లు డప్పు కొట్టాడు. ఊళ్లో చావుకూ జాతరకూ అది కావాలి, మిగతా రోజుల్లో అది గోల, ఈ మాట వింటూనే పెరిగాను. మిక్సింగు చేసేవారి నోట కూడా అదే మాట వస్తే బాధ కలుగుతుంది. సాంకేతికంగా కూడా అది తప్పు. డప్పులో కుడి చేతి సిర్ర ఇచ్చేది బరువు, ఎడమ చేతి సిటికెన పుల్ల ఇచ్చేది పదును. మీరు అడుగు కోసి, 1 మిల్లీసెకను అటాక్‌తో (నొక్కడానికి పట్టే సమయంతో) కంప్రెసర్ పెడితే బరువూ పోతుంది, పదునూ పోతుంది, మిగిలేది అట్టపెట్టె. అటాక్ 20 నుంచి 30 మిల్లీసెకన్లు ఇచ్చి చూడండి, పుల్ల దెబ్బ కంప్రెసర్ కళ్లు తెరిచేలోపే దాటిపోతుంది.

ఫోక్‌బీట్_కరీంనగర్:
నా ఉద్దేశం మిమ్మల్ని నొప్పించడం కాదన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా దగ్గరికి వచ్చే డప్పుల్లో పదికి తొమ్మిది ఫైబర్ డప్పులే. వాటికి అడుగు ఎలాగూ ఉండదు, కోస్తే పోయేదేమీ లేదు. పైగా మంట మీద కాచే పని లేదు కనుక ఉదయం పెట్టిన ఈక్యూ (కింది, పై ధ్వనుల హెచ్చుతగ్గుల అమరిక) సాయంత్రం వరకు పనిచేస్తుంది.

సిర్ర_సిటికెన:
అసలు రోగం ఫైబర్ డప్పే. దాని మోత దెబ్బ పడ్డాక కూడా గంటలా సాగుతూ ఉంటుంది, దానిని అణచడానికి మీరు కంప్రెసర్ పెడతారు, కంప్రెసర్ ఆ సాగుడును ఇంకా పైకి లేపుతుంది, అప్పుడు చిన్న ధ్వనిని మూసేసే గేట్ పెడతారు. తోలు డప్పు దెబ్బ కొట్టగానే పలికి ఆగుతుంది.

ఫోక్‌బీట్_కరీంనగర్:
తోలు డప్పుతో వానాకాలంలో రికార్డింగు చేసి ఆ మాట చెప్పండి. కాచి తెచ్చిన డప్పు ఏసీ గదిలో మూడో టేకుకే మెత్తబడితే, స్టూడియో వరండాలో గడ్డి మంట వేసి, పొగకు పై అంతస్తు వాళ్లు పోలీసులకు ఫోన్ చేసిన అనుభవం నాకు ఉంది. మొదటి టేకుకూ అయిదో టేకుకూ శ్రుతి తేడా వస్తే అతికించడం మీ తరమా?

సిర్ర_సిటికెన:
అందుకే రెండు డప్పులు తెచ్చుకోవాలి. ఒకటి మోగుతుండగా రెండోది కాగుతుంది. మా నాయనకు ఈ సంగతి చెప్పడానికి ఏ ఇంజినీరూ అవసరం కాలేదు. టేకుకు ముందు శ్రుతి చూసుకోకుండా మొదటి టేకు ఈక్యూనే అయిదో టేకుకు అంటించేవారి బేస్ కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కొలతబద్ద:
డప్పు గొడవలో పడి, అడిగినాయన గది కొలతలు చెప్పిన సంగతి అందరూ మరిచిపోయారు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, 10 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య మొదటి నిలువ తరంగం (గోడల మధ్య కదలకుండా నిలిచి మోగే ధ్వని) 56 హెర్ట్జ్ దగ్గర, రెండవది 112 దగ్గర ఏర్పడతాయి. మీ గదిలో వెడల్పూ ఎత్తూ ఒక్కటే కనుక ఈ రెండూ రెట్టింపు బలంతో వస్తాయి. 12 అడుగుల వైపు నుంచి 47, 94 కూడా కలుస్తాయి. మీరు గుమ్మెట మోత అనుకుంటున్న దానిలో సగం మీ గది మోత. వంతలను గది మూలల్లో నిలబెట్టి ఉంటే ఈ తరంగాలన్నిటికీ అక్కడే ఒత్తిడి ఎక్కువ. ఒకసారి రికార్డయ్యాక దానిని ఈక్యూతో కొంత తగ్గించవచ్చు కానీ ఆ సాగుడును పూర్తిగా తీయలేరు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించవద్దని ముందే మనవి చేస్తున్నాను. 56 హెర్ట్జ్ తరంగం పొడవు 20 అడుగులు, దాని ముందు గుడ్ల అట్ట దోమతెరతో సమానం.

పాతచెవి:
ఆ కాలంలో మేము ఈ లెక్కలేవీ వేయలేదు, చేతితో చప్పట్లు కొట్టి గదిని తెలుసుకునేవాళ్లం.

కొలతబద్ద:
చప్పట్లలో 56 హెర్ట్జ్ వినిపించిన చెవికి నా నమస్కారం.

పాతచెవి:
వ్యంగ్యం అక్కరలేదు. నేను చేసిన మిక్సులు ఈనాటికీ ఆలిండియా రేడియోలో వస్తున్నాయి, మీ లెక్కలు ఎక్కడ వస్తున్నాయో మీరే చెప్పాలి.

డల్లాస్_కోలాటం:
నాది వేదిక మీది బాధ. మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో కోలాటానికీ డప్పుకూ సౌండ్ చూసేది నేనే. ఇక్కడ హాలు అద్దెకు తీసుకుంటే రెండు పెద్ద సబ్‌ఊఫర్లు వాటంతట అవే వస్తాయి, పాడేవారి మైకుల్లో అడుగుల చప్పుడు, చెక్క వేదిక అదురు అన్నీ కలిసి వాటిలోకి వెళతాయి. రెండేళ్లు మాస్టర్ మీద కంప్రెసర్‌తో కుస్తీ పట్టాను. గత ఏడాది సబ్‌లకు విడిగా ఒక ఆక్స్ (మిక్సర్ నుంచి వేరే దారి) పంపి, దానిలోకి డప్పు మైకును మాత్రమే వదిలాను. ఆ సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి, మొదటిసారి పాటలోని మాటలు అర్థమయ్యాయని చెప్పారు. రికార్డింగుకు ఇది ఎంతవరకు పనికివస్తుందో తెలియదు కానీ, మామయ్య గారి గొంతు మైకులో బేస్ ఎందుకు ఉండాలి? ఆ ట్రాకును 100 దగ్గర కోసినా నష్టం లేదు. గోల అన్న మాట పక్కన పెడితే కరీంనగర్ సోదరుడు చెప్పిన అంకె అక్కడికి సరిపోతుంది.

ఫోక్‌బీట్_కరీంనగర్:
ఒక్కరైనా ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు.

జముకు_పలాస:
గొంతుకు ఒప్పుకున్నారు, గుమ్మెటకు కాదు. రెండూ కలపకండి. లిమిటర్ సంగతి కూడా మీరు దాటవేశారు. యూట్యూబ్ −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనపు కొలత) దాటిన ధ్వనిని తానే తగ్గించి వినిపిస్తుంది. మీరు నొక్కి నొక్కి −7కు తెచ్చిన పాటను అది 7 డీబీ దించుతుంది. అప్పుడు మీ పాటా, నొక్కని పాటా ఒకే ఎత్తులో వినిపిస్తాయి, తేడా ఏమిటంటే మీ దానిలో దెబ్బ ఉండదు.

ఫోక్‌బీట్_కరీంనగర్:
పెళ్లి బరాత్‌లో డీజే వాడు యూట్యూబ్ పెట్టడు, పెన్‌డ్రైవ్ పెడతాడు. అక్కడ తగ్గించేవాడు ఎవడూ లేడు. ముందు పాట కంటే నా పాట చిన్నగా మోగితే ఆ పాట అక్కడితో సరి.

జముకు_పలాస:
బుర్రకథను బరాత్‌లో ఎవరు పెడతారు మహానుభావా?

కొత్తమైకు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాకూ గొంతు హెచ్చుతగ్గులతోనే ఇబ్బంది వచ్చింది. నేను మా అమ్మమ్మ దంపుళ్ల పాటలు రికార్డు చేశాను, రోకలి ఎత్తినప్పుడు ఆమె తల మైకుకు దూరమవుతుంది, దించినప్పుడు దగ్గరవుతుంది. దగ్గరైనప్పుడల్లా గొంతులో అడుగు ఉబ్బుతుంది, అది మైకు స్వభావమని తరువాత తెలిసింది. కంప్రెసర్ ఎత్తును సమం చేసింది కానీ ఆ ఉబ్బును అలాగే ఉంచింది. చివరికి కంప్రెసర్ తీసేసి, పాటను చరణం చరణంగా కోసి, ఒక్కొక్క ముక్క గెయిన్‌ను (ధ్వని ఎత్తును) చేతితో సరిచేశాను. ఆ తరువాత 2:1 రేషియోతో, నొక్కుడును చూపే ముల్లు 3 డీబీకి మించి కదలకుండా కంప్రెసర్ పెడితే సరిపోయింది. నాలుగు నిమిషాల పాటకు రెండు సాయంత్రాలు పట్టింది. గంటన్నర కథకు ఎంత పడుతుందో చెప్పడానికి నోరు రావడం లేదు.

పాతచెవి:
ఈ అమ్మాయి చెప్పినదే పని. దీనిని మేము ధ్వనిని పెంచి తగ్గించే ఫేడర్ మీద వేలు పెట్టి, కథ వింటూ, నేరుగా చేసేవాళ్లం. కథ తెలియకపోతే వేలు ఎప్పుడు ఎత్తాలో తెలియదు. గుమ్మెట మీద రిలీజ్ (కంప్రెసర్ నొక్కుడు వదలడానికి పట్టే సమయం) మరీ తక్కువ పెట్టవద్దని కూడా రాసుకోండి. 60 హెర్ట్జ్ ఊపు ఒకటి పూర్తికావడానికి దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. రిలీజ్ అంతకంటే తక్కువైతే కంప్రెసర్ దెబ్బను వదిలి ఆ ఊపునే నొక్కడం మొదలుపెడుతుంది, అప్పుడు వచ్చే గరగరను మైకు చెడిపోయిందనుకుని మైకు మార్చినవారు నాకు తెలుసు. కొలతబద్ద గారూ, ఇది లెక్కే, నాకూ లెక్కలు వచ్చు.

తెనాలి_తంబుర:
అందరికీ కృతజ్ఞతలు. మొత్తం మీది కంప్రెసర్ తీసేయగానే గొంతు మునగడం ఆగింది. తెర మీద చూస్తే గుమ్మెట ట్రాకులో 112 దగ్గరే కొండ లేచి ఉంది, కొలతబద్ద గారి లెక్క అంకెతో సహా సరిపోయింది. నిన్న మామయ్యను బతిమాలి చివరి పావుగంట కథను మళ్లీ చెప్పించాను. వంతలను మూలల నుంచి జరిపి గోడకు రెండున్నర అడుగుల దూరంలో నిలబెట్టాను, గుమ్మెట వెనక నోటికి ఎదురుగా పెట్టిన మైకును తోలు వైపుకు తిప్పాను. వెనక నోటి నుంచి గాలి బుస్సుమని మైకులోకి కొడుతోందని అప్పుడే గమనించాను. ఇప్పుడు ఈక్యూలో 112 దగ్గర 3 డీబీ మాత్రమే తగ్గించాను, కారు తలుపులు ఊరుకున్నాయి. ఫోనులో మాత్రం గుమ్మెట ఇంకా పలచగానే ఉంది. ‘తందాన తాన’ దగ్గర వంతల గొంతు నా మైకులో సరిగా పడలేదని మామయ్య కోప్పడ్డారు, వారికి విడిగా మైకు పెట్టనే లేదని నాకు అప్పుడు తట్టింది. మూడవ ప్రశ్న అయిన తంబురకు మాత్రం ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

కొలతబద్ద:
రెండున్నర అడుగులు ఎలా ఎంచారో తెలియదు కానీ అది 10 అడుగులలో సరిగ్గా నాలుగవ వంతు, 112 హెర్ట్జ్ ఒత్తిడి కనిష్ఠంగా ఉండే చోటు. గది నడుమ నిలబెట్టి ఉంటే మళ్లీ మొదటికే వచ్చేది.

తెనాలి_తంబుర:
ఎంచలేదండీ, అక్కడ మంచం అడ్డం వచ్చింది.

జముకు_పలాస:
ఫోను చిన్న స్పీకరులో 112 రాదు, దానిని ఎంత పెంచినా రాదు. గుమ్మెట ట్రాకుకు కాస్త శాచురేషన్ (ధ్వనిని కొద్దిగా వికృతం చేయడం) ఇవ్వండి, దానికి రెట్టింపు, మూడు రెట్ల హెర్ట్జ్ ఉన్న పై అనుస్వరాలు పుడతాయి, వాటిని విని చెవి అడుగును తానే ఊహించుకుంటుంది. తంబుర గురించి: దానిని పెంచకండి, రెండు గుమ్మెటల్లోనూ 250 నుంచి 400 మధ్య 3 డీబీ తగ్గించి చూడండి. అక్కడే తంబుర బుర్ర పలుకుతుంది.

సిర్ర_సిటికెన:
గుమ్మెట మట్టిదా, ఇత్తడిదా? అది చెప్పకుండా ఈ అంకెలన్నీ ఎందుకు?

తెనాలి_తంబుర:
ఒకటి మట్టిది, ఒకటి ఇత్తడిది.