కాంట్రాక్టు నుంచి రెగ్యులర్ అయ్యాం, మరి పెన్షన్ సంగతేంటి?

చిత్తూరు స్టాఫ్ నర్సు:
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాంట్రాక్టు ఉద్యోగుల కోసం తెచ్చిన 2023 చట్టం కింద రెగ్యులర్ అయ్యాను. జీతంలో సీపీఎస్ (మన వాటా కూడా కట్టే పెన్షన్ పథకం) కట్ అవుతోంది. ఒకరేమో రాష్ట్రం తెచ్చిన జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) అంటారు, ఇంకొకరు కేంద్రం తెచ్చిన యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్) మనకూ వర్తిస్తుందంటారు. అసలు మనది ఏది? కాంట్రాక్టులో ఉన్నప్పటి పీఎఫ్ తీసేసుకోమని ఇంట్లో ఒకటే పోరు.

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి:
అక్కా, నాదీ మీ కథే. 2014 జూన్ 2కు ముందు నుంచి కాంట్రాక్టులో ఉన్నవాళ్లకే ఆ చట్టం. 2004 సెప్టెంబర్ 1 నుంచి సర్వీసులో చేరినవాళ్లంతా సీపీఎస్ కిందే కాబట్టి మనమూ అందులోనే. బేసిక్, డీఏ కలిపి దాని మీద మనది 10 శాతం, ప్రభుత్వానిది 10. రిటైరయ్యాక 60 శాతం చేతికిస్తారు, మిగతా 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ కొనాలి. 10 లక్షలు పోగైందనుకోండి, 4 లక్షల మీద ఏడాదికి 6 శాతం వేసుకున్నా నెలకు 2 వేలు. దాని మీద డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) కూడా రాదు.

రేణిగుంట వదిన:
యూపీఎస్ మాలాంటి కేంద్ర ఉద్యోగులకండీ, నేను రైల్వే. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 25 ఏళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం ఇస్తారు. పదేళ్లున్నా కనీసం 10 వేలు. రాష్ట్ర ఉద్యోగులకు దానంతటది రాదు.

రిటైర్డ్ ఫార్మసిస్ట్, పుత్తూరు:
జీపీఎస్‌కు 2023లో అసెంబ్లీలో చట్టం చేశారు. చివరి బేసిక్‌లో 50 శాతానికి గ్యారంటీ, డీఆర్ కూడా ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ పాత పెన్షన్‌లో మా జీతం నుంచి పైసా కోత లేదు, పైగా కమ్యుటేషన్, అంటే పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకునే వీలు ఉండేది. సంఘాలు ఒప్పుకోకపోవడానికి కారణం అదే. నన్నడిగితే వాళ్లు అడిగేది న్యాయమే.

శ్రీకాళహస్తి ఏఎన్ఎం:
ఆ వాదన సంఘాలు చూసుకుంటాయి గానీ, అమ్మా, మీ చేతిలో ఉన్నది పీఎఫ్. దాన్ని తొందరపడి ముట్టుకోవద్దు. పీఎఫ్ డబ్బు వేరు, అందులో ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ వేరు. పదేళ్ల సర్వీసుంటే 58 ఏళ్ల నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. మనకు రిటైర్మెంట్ 62కు కదా, అప్పటిదాకా జీతమూ వస్తుంది, ఇదీ వస్తుంది. లెక్క కూడా సులువే: 15 వేల జీతం మీద కట్టి ఉంటే 15,000ను సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించండి. పదేళ్లకు 2,142 రూపాయలు. 2014 సెప్టెంబర్‌కు ముందు పరిమితి 6,500 కాబట్టి ఆ ఏళ్లకు తక్కువ పడుతుంది.

చిక్కంతా కాంట్రాక్టులో మనల్ని పెట్టుకున్న ఏజెన్సీ మారినప్పుడే. ప్రతిసారీ కొత్త పీఎఫ్ మెంబర్ ఐడీ ఇస్తారు. ఒక్కోదాంట్లో మూడేళ్లు, నాలుగేళ్లే కనబడతాయి. పదేళ్లు లేవు కదా అని విడివిడిగా ఫారం 10సీ పెట్టి పెన్షన్ భాగం తీసేసుకుంటే ఆ సర్వీసు అంతటితో పోయినట్టే. మా సెంటర్‌లో ఇద్దరికి ఇలాగే అయింది. ముందు అన్ని ఐడీలనూ చివరి ఐడీలోకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. పదేళ్లు నిండితే ఆ సర్వీసుకు రుజువుగా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని, 58కి పెన్షన్ కోసం ఫారం 10డీ పెట్టండి.

చిత్తూరు స్టాఫ్ నర్సు:
పాస్‌బుక్ ఇప్పుడే చూశాను. రెండు ఐడీలున్నాయి. పాతదాంట్లో ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం వదిలిన తేదీ) వేయలేదు. పుట్టిన తేదీ కూడా తప్పుగా ఉంది. ఆ ఏజెన్సీ ఎప్పుడో మూసేశారు.

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి:
చివరి నెల పీఎఫ్ కట్టి రెండు నెలలు దాటితే ఎగ్జిట్ తేదీ మనమే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చక్కా. ఆధార్ ఓటీపీ వస్తుంది, టెన్షన్ పడక్కర్లేదు. పుట్టిన తేదీకైతే మనమూ, పనిలో పెట్టుకున్నవాళ్లూ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి.

శ్రీకాళహస్తి ఏఎన్ఎం:
ఏజెన్సీ మూతపడితే ఆ డిక్లరేషన్ మీద గెజిటెడ్ అధికారి సంతకం చేసినా తీసుకుంటారు. మీ మెడికల్ ఆఫీసర్ గెజిటెడే కదా, ఓపీ అయ్యాక అడగండి.