సెకండ్ హ్యాండ్ కారు 20 రోజులకే గేర్‌బాక్స్ పోయింది, డీలర్ నాకేం సంబంధం లేదంటున్నాడు

కూకట్‌పల్లిలో ఒక డీలర్ దగ్గర 4.6 లక్షలకి కారు తీసుకున్నానండీ, ఇంజన్, గేర్‌బాక్స్ సూపర్ కండిషన్ అని వాట్సాప్‌లో కూడా పెట్టాడు, 20 రోజులకే గేర్‌బాక్స్ పోయింది. అడిగితే సెకండ్ హ్యాండ్‌కి వారంటీ ఉండదు, ఉన్నదున్నట్టు తీసుకుంటున్నా అని సంతకం పెట్టావు కదా అంటున్నాడు. అమ్మ దాచుకున్న డబ్బులు కూడా అందులోనే ఉన్నాయి, ఏమైనా దారుందా?

జవాబు 1:
బ్రదర్, ముందు ఆ వాట్సాప్ చాట్ బ్యాకప్ తీస్కో. సెకండ్ హ్యాండ్ కార్లకంటూ మన దగ్గర ప్రత్యేక వారంటీ చట్టం లేదు కానీ వ్యాపారంగా అమ్మేవాడికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తది, లోపం దాచి మంచిగుందని చెప్పి అమ్మితే అది అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందకే వస్తది. సంతకం పెట్టినంత మాత్రాన అబద్ధం చెప్పి అమ్మే హక్కు వాడికి రాదు.

జవాబు 2:
రిపేర్ చేయించే ముందే మంచి మెకానిక్‌తో లోపం పాతదేనని రాతపూర్వకంగా రిపోర్ట్ తీసుకోండి, కేసు నిలబడేది దాని మీదే, మా బావగారు ముందే విప్పించేసి రుజువు లేక చాలా ఇబ్బంది పడ్డారు. తర్వాత డీలర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు 2 ఏళ్లు.

జవాబు 3:
ఆర్‌సీ మీ పేరు మీదకి మారిందా లేదా అది కూడా చూస్కోండన్నా.